టెక్సాస్‌లో పొలం కొన్నాక రైఫిల్ ఎలా ఎంచుకోవాలి

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు భూములు బాగానే కొంటున్నారు. సెలీనా దాటి షెర్మన్, బాన్‌హమ్ వైపు పదెకరాలో ఇరవై ఎకరాలో తీసుకుని, ఆస్తిపన్ను తగ్గుతుందని నాలుగు మేకలో తేనెపెట్టెలో పెట్టి, వారాంతాల్లో వెళ్ళి వస్తుంటారు. మొదటి వానలకే అడవిపందులు దిగి తడినేలంతా తవ్విపోస్తాయి. కయోటీలు (నక్కల్లాంటి అడవి జంతువులు) మేకపిల్లల్ని ఎత్తుకుపోతాయి. ఇక "ఒక రైఫిల్ తీసుకుందామా" అనే మాట ఇంట్లో మొదలవుతుంది. ఆ మాట మొదలైనవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

చాలామంది నేరుగా షాపుకి వెళ్ళి, కౌంటర్ వెనక గోడమీద బాగా కనిపించినదాన్ని కొనేసి, ఇంటికొచ్చాక దానికి పని వెతుకుతారు. మీరు అలా చేయకండి. ముందు మీ వీసా, తర్వాత మీ నేల, తర్వాత అక్కడికి వచ్చే జంతువు, ఆ తర్వాత తూటా, అన్నిటికంటే చివర రైఫిల్. ఈ వరసలో వెళ్తే షాపుకి వెళ్ళే రోజుకి మీకు సరిపోయేవి రెండో మూడో మోడళ్ళే మిగులుతాయి.

మొదట వీసా సంగతి. దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు, తప్పితే జరిగే నష్టం మాత్రం పంది చేసే నష్టం కంటే వందరెట్లు పెద్దది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నల బి-2, అందరూ ఇందులోకే వస్తారు. పొలం మీ పేరు మీదే ఉన్నా సరే, భూమి కొనడానికి పనికొచ్చిన వీసా తుపాకీ కొనడానికి పనికిరాదు. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనకు తగిలేది ఒకటే: ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు చేతిలో ఉండటం. షాపులో నింపే ఫారమ్‌లో ఈ మినహాయింపు గురించి విడిగా ప్రశ్న ఉంటుంది, లైసెన్సు కాపీ జతచేయాలి. కానీ ఆ లైసెన్సు గడువు అయిపోయిన రోజున మీ ఇంట్లో ఉన్న రైఫిల్ సంగతేంటి? ఇలాంటి ప్రశ్నలు చాలా ఉన్నాయి కాబట్టి, హెచ్-1బి మీద ఉండి ఈ దారిలో వెళ్ళాలనుకుంటే తుపాకుల చట్టం, ఇమ్మిగ్రేషన్ రెండూ తెలిసిన లాయర్‌తో మాట్లాడాకే అడుగు వేయండి. గ్రీన్‌కార్డు అప్లికేషన్ పెండింగ్‌లో ఉన్నవాళ్ళు కూడా గ్రీన్‌కార్డు వచ్చేసినట్టు అనుకోవద్దు, వాళ్ళూ లాయర్‌ని అడగాల్సిందే. కార్డు చేతికొచ్చినవాళ్ళు, సిటిజన్లు మామూలుగా కొనుక్కోవచ్చు.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. "అన్నయ్యా, నీకు గ్రీన్‌కార్డు ఉంది కదా, నీ పేరు మీద తీసుకో, డబ్బులు నేనిస్తా" అని తమ్ముడో బావమరిదో అడుగుతారు. ఒప్పుకోకండి. వేరొకరి కోసం కొంటూ నా కోసమే అని ఫారమ్‌లో సంతకం పెట్టడం నేరం. కొనకూడని మనిషి కోసం కొనిపెట్టడానికైతే 2022లో విడిగా చట్టం వచ్చింది, శిక్ష 15 ఏళ్ళ వరకు ఉంటుంది. అలాగే అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు సరదాగా చేతికిచ్చి ఫోటో తీయకండి. ఆ ఫోటో ఎక్కడికి పోతుందో, రేపు వీసా ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నగా తిరిగి వస్తుందో మీకు తెలీదు.

వీసా సంగతి తేలాక పొలానికి వెళ్ళండి. కాగితం, పెన్సిల్ పట్టుకుని నాలుగు హద్దులూ నడవండి. ఎటువైపు ఎవరి ఇల్లుంది, ఎటువైపు రోడ్డుంది, పక్కవాళ్ళ ఆవులు ఎక్కడ మేస్తాయి, పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు, అన్నీ గుర్తు వేసుకోండి. తర్వాత మీరు నిలబడి కాల్చగల చోట్లు చూసుకుని, బుల్లెట్ గురి తప్పినా, జంతువుని దాటి వెళ్ళినా ఆగడానికి వెనక ఏముందో రాసుకోండి. చెరువుగట్టు ఉందా, మట్టిదిబ్బ ఉందా, ఎదురుగా ఏటవాలుగా లేచే నేల ఉందా? చెట్లు బుల్లెట్‌ని ఆపవు, పొదలు అసలే ఆపవు. చిన్న .22 బుల్లెట్ కూడా పైకి కాలిస్తే మైలున్నర దాకా పోగలదని ఆ పెట్టెల మీదే రాసి ఉంటుంది. పెద్ద రైఫిళ్ళవి రెండు మూడు మైళ్ళు పోతాయి. మీ పదెకరాల పొలం చదరంగా ఉంటే ఒక్కో వైపు సుమారు రెండొందల ఇరవై గజాలే!

ఉత్తర టెక్సాస్ నేల చదునుగా ఉంటుంది కాబట్టి ఇది మరీ ముఖ్యం. మన ఊళ్ళలో వేరుశనగ చేలల్లో పందుల కాపలాకి మంచె వేసేవాళ్ళు గుర్తుందా, ఇక్కడ ఆ మంచెతో ఇంకో లాభం కూడా ఉంది. పది, పన్నెండు అడుగుల ఎత్తు నుంచి దగ్గర్లోని జంతువుని కాలిస్తే బుల్లెట్ కిందికి వంగి నేలలో దిగుతుంది. చదును నేల మీద నిలబడి కాలిస్తే అదే బుల్లెట్ హద్దు దాటి పోతుంది. వెనక గట్టు లేని చిన్న పొలాల్లో ఎత్తు మీద చిన్న స్టాండ్ కట్టుకోవడం అన్నిటికంటే తెలివైన ఖర్చు.

చట్టం కూడా ఈ హద్దుల చుట్టూనే తిరుగుతుంది. టెక్సాస్‌లో వేటాడుతూ కాల్చిన బుల్లెట్ పొలం హద్దు దాటితే, అవతలి యజమాని రాతపూర్వక అనుమతి లేకపోతే, అది నేరం. రోడ్డు మీదుగా కాల్చడమూ నేరమే. కౌంటీలో సబ్‌డివిజన్‌గా విడగొట్టిన పదెకరాలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్న ప్లాట్లలో అసలు కాల్చకూడదని కౌంటీ నిషేధం పెట్టవచ్చు. ఊరి పరిధిలో కలిసిపోయిన భూములకు ఆ ఊరి నియమాలు వేరుగా ఉంటాయి. హెచ్ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉంటే వాళ్ళ కాగితాలూ చదవండి. షెరిఫ్ ఆఫీసు నాన్-ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి "నా అడ్రసులో రైఫిల్ కాల్చవచ్చా" అని అడిగితే చెప్తారు, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. ఇవన్నీ టెక్సాస్ సంగతులు. న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి లెక్క పూర్తిగా వేరు.

ఈ నడక అయ్యాక మీ పొలంలో రైఫిల్ కాల్చడానికి క్షేమమైన చోటు ఒక్కటీ లేదని తేలితే అక్కడితో ఆగిపోండి. మంచి కంచె, రాత్రి మేకల్ని కట్టేసే షెడ్డు, ఒక కాపలా కుక్క, ఈ మూడూ కలిసి కయోటీల బాధని చాలావరకు తీరుస్తాయి. గ్రేట్ పిరనీస్ జాతి కుక్కల్ని ఇక్కడి రైతులు ఈ పనికోసమే పెంచుతారు.

తర్వాతి ప్రశ్న, ఏ జంతువు కోసం? పాముల కోసమైతే రైఫిల్ వద్దు. రాటిల్‌స్నేక్ అయినా కాపర్‌హెడ్ అయినా దూరం జరిగితే దాని దారిన అది పోతుంది, గట్టినేల మీద పాముని కాలిస్తే బుల్లెట్ ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. కోళ్ళని ఎత్తుకెళ్ళే గద్దల్ని కాల్చడం ఫెడరల్ నేరం, వాటికి పైన వల కట్టుకోవడమే మార్గం. జింకలకు సీజను, లైసెన్సు ఉంటాయి. మేకల మీద పడుతున్న కయోటీని భూయజమాని లైసెన్సు లేకుండానే కాల్చవచ్చు. అడవిపందులకైతే 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే వేట లైసెన్సు అక్కర్లేదు. అయితే ఇంతకుముందు చెప్పిన హెచ్-1బి మినహాయింపు దీనితో రాదు, దానికి చేతిలో లైసెన్సు ఉండాల్సిందే. ఈ రెండు విషయాలూ కలిపేసుకుని పొరబడకండి.

పందుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. టెక్సాస్‌లో అవి 25 లక్షలకు పైగా ఉంటాయని అంచనా, దాదాపు ప్రతి కౌంటీలోనూ ఉన్నాయి. రైఫిల్‌తో వాటి సంఖ్య తగ్గిస్తానని అనుకుంటే మాత్రం నిరాశే. గుంపులో ఒకదాన్ని కాలిస్తే మిగతావి పారిపోతాయి, ఆ తర్వాత అర్ధరాత్రి దాటాకే వస్తాయి, లేదా పక్క పొలానికి మారి కొన్నాళ్ళకి మళ్ళీ మీ దగ్గరికే వస్తాయి. గుంపు మొత్తాన్ని ఒకేసారి పట్టే పెద్ద కోరల్ ట్రాప్ (గేటున్న కంచె బోను) అసలైన మందు. కొన్ని రోజులు గేటు తెరిచే ఉంచి లోపల మొక్కజొన్న వేసి అలవాటు చేసి, కెమెరాలో గుంపంతా లోపలికి వచ్చిందని చూశాక గేటు వేయాలి. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వ్యవసాయ విభాగం అగ్రిలైఫ్ వాళ్ళు ఈ ట్రాపుల మీద రైతులకి ఉచితంగా సమాచారం ఇస్తారు, మీ కౌంటీ ఆఫీసుకి ఒకసారి వెళ్ళండి. ట్రాప్‌లో పడినవాటిని బాధ లేకుండా ముగించడానికీ, ట్రాప్‌కి చిక్కని ఒంటి మగపందికీ రైఫిల్ కావాలి. అంటే మీకు కావాల్సిన దూరం ఎక్కువలో ఎక్కువ వంద గజాలు.

ఇప్పుడు తూటా. షాపులో పాతిక రకాలు చెప్తారు, మీకు పనికొచ్చేవి నాలుగే. పేరు ముందున్న అంకె సుమారుగా బుల్లెట్ లావు, అంగుళాల్లో.

.22 ఎల్ఆర్ అన్నిటికంటే చిన్నది. శబ్దం తక్కువ, భుజానికి దెబ్బే తెలీదు, ఒక్కో తూటా సుమారు పది సెంట్లు. చిన్న జంతువులకు, ట్రాప్‌లో ఉన్న పందికి చాలు. బయట తిరిగే పందికీ, కయోటీకీ చాలదు, గాయపడి పారిపోయి నరకయాతన పడతాయి. ఇంకో సంగతి, ఈ నెమ్మది సీసపు బుల్లెట్ నీళ్ళమీద, రాళ్ళమీద పడితే ఎగిరి పక్కకి పోతుంది, చెరువు వైపు ఎప్పుడూ కాల్చకండి.

.223 రెమింగ్టన్ నా సలహా. .22 ఎల్ఆర్ శక్తి 120, 140 ఫుట్-పౌండ్ల మధ్య ఉంటే దీనిది 1,200 దాటుతుంది, అయినా వెనక్కి తన్నడం తక్కువే. కయోటీకి సరిగ్గా సరిపోతుంది. వంద గజాల లోపు పందికి కూడా సరిపోతుంది, కాకపోతే పెట్టె మీద వేటకోసం చేసిన సాఫ్ట్ పాయింట్ అనో, మొత్తం రాగి బుల్లెట్ అనో ఉన్నది తీసుకోవాలి. చౌకగా దొరికే ఫుల్ మెటల్ జాకెట్ (గట్టి లోహపు తొడుగున్న బుల్లెట్) ప్రాక్టీసుకి మాత్రమే, అది జంతువుని దాటిపోయి వెనక ఏముంటే దానికి తగులుతుంది. గొట్టం మీద 5.56 (దాదాపు అదే కొలతలో ఉండే మిలిటరీ తూటా, ఒత్తిడి ఎక్కువ) అని రాసి ఉంటే .223 తూటా కూడా అందులో వేయవచ్చు. .223 అని మాత్రమే రాసి ఉంటే అందులో 5.56 వేయకండి.

.30-30 వించెస్టర్ 1895 నుంచి ఉన్న తూటా, పొదల్లో దగ్గర దూరాల్లో పందికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. .308 వించెస్టర్ దానికంటే చాలా బలమైనది, 2,600 ఫుట్-పౌండ్లు. వంద ఎకరాలుండి జింకల వేటకూ వెళ్తానంటే తీసుకోండి. పదెకరాలకి అది ఎక్కువ, పైగా కొత్తవాళ్ళు దాని తన్నుకి భయపడి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్ళు మూసుకుంటారు. ఆ భయం ఒకసారి పట్టుకుంటే వదలడం కష్టం.

.300 బ్లాక్అవుట్ గురించి కూడా షాపువాళ్ళు చెప్తారు. మంచిదే, కానీ ఆ తూటా .223 మ్యాగజైన్‌లో (రైఫిల్‌కి తగిలించే తూటాల డబ్బాలో) పడుతుంది, .223 గొట్టంలోకి కూడా దూరిపోవచ్చు, అప్పుడు కాలిస్తే రైఫిల్ చేతిలోనే పేలుతుంది. అందుకే ఒకే ఇంట్లో ఈ రెండూ పెట్టుకోవద్దని గట్టిగా చెప్తున్నాను.

రైఫిల్ రకానికి వద్దాం. మొదటి రైఫిల్‌గా బోల్ట్ యాక్షన్ తీసుకోండి. ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ లాగి వేయాలి, కాబట్టి తొందర తగ్గుతుంది, బోల్ట్ వెనక్కి తీస్తే లోపల ఖాళీగా ఉందో లేదో కళ్ళకి కనిపిస్తుంది, శుభ్రం చేయడమూ తేలిక. రూగర్ అమెరికన్ రాంచ్ ఈ పనికోసమే చేసింది, పొట్టి గొట్టం, బరువు మూడు కిలోల లోపే. సావేజ్ యాక్సిస్ అంతకంటే చౌక, టిక్కా టీ3ఎక్స్ ఖరీదు ఎక్కువైనా బోల్ట్ వెన్నలా జారుతుంది. ఏఆర్-15 (కాల్చిన ప్రతిసారీ తర్వాతి తూటా తనంతట తనే వేసుకునే రైఫిల్) తీసుకోవద్దని నేను అనను. పందుల గుంపు మీదకి అది పనికొస్తుంది, ఇక్కడి రైతులు చాలామంది అదే వాడతారు. కానీ తుపాకీ ఎప్పుడూ పట్టనివాళ్ళు దానితో మొదలుపెట్టడం నాకు నచ్చదు. .30-30 అయితే లీవర్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ దగ్గరి లీవర్ తిప్పి తూటా వేసే రకంలో) మార్లిన్ 336 పాత నమ్మకమైన మోడల్. .22లో రూగర్ 10/22 1964 నుంచి వస్తోంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. డబ్బు వీలైతే నా మాట విని ముందు .22 ఒకటి కొని ఆరునెలలు దానితోనే నేర్చుకోండి, తర్వాత .223.

షాపులో పట్టి చూసేటప్పుడు ముందు అమ్మేవాడు బోల్ట్ తెరిచి ఖాళీ అని చూపించాలి, మీరూ తెరిచి, కళ్ళతో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూసుకోవాలి. ఆ తర్వాత ఎటు తిప్పి గురిచూడవచ్చో అడిగి, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తి, చెంప ఆనించి, కళ్ళు తెరవండి. స్కోప్ బొమ్మ మొత్తం గుండ్రంగా కనిపిస్తే రైఫిల్ మీ ఒంటికి సరిపోయినట్టే. మెడ సాచాల్సి వస్తే, నల్లటి నీడ కనిపిస్తే సరిపోలేదు. మామూలు రైఫిళ్ళ వెనక చెక్క ట్రిగ్గర్ నుంచి సుమారు 13.5 అంగుళాలు ఉంటుంది, ఇక్కడి పొడుగు మనుషులకు తగ్గట్టు. అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి అది పొడుగు. కాంపాక్ట్ మోడళ్ళలో ఒక అంగుళం తక్కువ ఉంటుంది, కొన్నిటికి తీసి పెట్టే ముక్కలు ఉంటాయి. పొలంలో భార్యాభర్తలిద్దరూ వాడేటట్టయితే ఇద్దరూ షాపుకి వెళ్ళండి, పొట్టిగా ఉన్నవాళ్ళకి సరిపోయేదే కొనండి. పొట్టి చెక్కతో పొడుగువాళ్ళు సర్దుకోగలరు, పొడుగు చెక్కతో పొట్టివాళ్ళు సర్దుకోలేరు.

స్కోప్ పెద్దది వద్దు. 2-7 గానీ 1-6 గానీ (ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందనే లెక్క) చాలు. కింది నంబరులో పెట్టుకుని తిరగండి, దగ్గర్లో పంది కనిపించినప్పుడు ఎక్కువ జూమ్‌లో ఉంటే నల్లటి వెంట్రుకలు తప్ప ఏమీ కనిపించదు.

కొనే రోజు టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు, గ్రీన్‌కార్డు తీసుకెళ్ళండి. లైసెన్సు మీద గానీ, దానితో పాటు చూపించే మరో ప్రభుత్వ పత్రం మీద గానీ ప్రస్తుతం ఉంటున్న ఇంటి అడ్రసు ఉండాలి. ఇల్లు మారి అడ్రసు ఎక్కడా మార్చుకోనివాళ్ళని వెనక్కి పంపించేస్తారు. ఏటీఎఫ్ (తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ) ఫారమ్ 4473 నింపాలి, ప్రతి ప్రశ్నా చదివి మీ అంతట మీరే నింపండి, అర్థం కానిది ఊహించి టిక్ పెట్టకండి. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది, చాలామందికి నిమిషాల్లో అయిపోతుంది, పేర్లు కలిస్తే కొన్నిసార్లు ఆలస్యమవుతుంది, టెన్షన్ పడొద్దు. బడ్జెట్‌లో రైఫిల్ ఒక్కటే లెక్కేయకండి. స్కోప్, తూటాలు, చెవులకి మఫ్‌లు, కళ్ళజోడు, తాళం వేసే ఇనుప సేఫ్, ఇవన్నీ అదే రోజు కావాలి. రైఫిల్ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్కసారికే వినికిడి దెబ్బతినవచ్చు, మఫ్‌లు లేకుండా ఒక్క తూటా కూడా కాల్చకండి.

పొలంలో వాడే ముందు షూటింగ్ రేంజిలో గురి సరిచేసుకోవాలి. యాభై గజాల దగ్గర ఇసుక సంచి మీద ఆనించి మూడేసి తూటాలు కాల్చి, మధ్యలో పడేదాకా స్కోప్ తిప్పండి. తర్వాత వంద గజాల దగ్గర, పది గజాల దగ్గర కూడా కాల్చి చూడండి. స్కోప్ గొట్టానికి అంగుళంన్నర పైన ఉంటుంది కాబట్టి మరీ దగ్గర్లో బుల్లెట్ మీరు చూసినచోటికి అంగుళంన్నర కింద పడుతుంది. ట్రాప్‌లో పందిని కాల్చేటప్పుడు ఈ తేడా తెలియకపోతే జంతువు బాధపడుతుంది. ఇదే కారణంతో ట్రక్కు బానెట్ మీద ఆనించి కాల్చేవాళ్ళకి స్కోప్‌లో దారి ఖాళీగా కనిపిస్తుంది, కిందున్న గొట్టం మాత్రం రేకునే చూస్తుంటుంది.

వేట లైసెన్సు తీసుకున్నా తీసుకోకపోయినా టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయండి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటాడాలంటే మామూలుగా అది ఉండాలి. పెద్దవాళ్ళు ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు, కానీ ఎదురుగా కూర్చుని నేర్చుకునే క్లాసు ఉంటే అదే నయం. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి, గొట్టాన్ని కాల్చకూడని దేనివైపూ తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు, ఎదురుగా ఏముందో దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. ఈ నాలుగూ చేతికి అలవాటయ్యేదాకా పందుల జోలికి పోకండి. రాత్రిళ్ళు టార్చి వెలుగులో మెరిసే కళ్ళని చూసి ఎప్పుడూ కాల్చవద్దు, పక్కింటి కుక్క కళ్ళూ అలాగే మెరుస్తాయి, దూడ కళ్ళూ అంతే. కంచె దాటేటప్పుడు తూటాలు తీసి, రైఫిల్ అవతల పెట్టి, అప్పుడు దాటండి.

ఇంట్లో రైఫిల్ సేఫ్‌లో, తూటాలు వేరే తాళంలో. పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలితే టెక్సాస్‌లో కేసు అవుతుంది. కేసు సంగతి అటుంచి, మన ఇళ్ళకి వారాంతాల్లో ఎంతమంది పిల్లలు వస్తారో మీకే తెలుసు. ఇంట్లో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళెవరైనా ఉంటే సేఫ్ కోడ్ వాళ్ళకి చెప్పకండి, తాళం చేతిలో ఉన్నా వాళ్ళ దగ్గర తుపాకీ ఉన్నట్టే లెక్క కట్టవచ్చు.

పొలానికి వాడే బ్యాగు పొలానికే ఉంచండి. ఇండియా వెళ్ళేటప్పుడు అదే బ్యాగు సర్దుకుంటే, అడుగున జేబులో ఒక్క తూటా మిగిలిపోయినా డల్లాస్ ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు, అక్కడ తప్పించుకుని శంషాబాద్‌లో దొరికితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు. నెలరోజులు ఊరికి వెళ్తుంటే రైఫిల్‌ని హెచ్-1బి మీద ఉన్న స్నేహితుడి ఇంట్లో పెట్టకండి, పొలంలోని షెడ్డులో అసలే పెట్టకండి. సేఫ్‌ని గోడకో నేలకో బోల్టులతో బిగించి, సీరియల్ నంబరు ఫోటో తీసి మెయిల్‌లో దాచుకోండి. దొంగతనం జరిగితే పోలీసులు మొదట అడిగేది ఆ నంబరే.